ట్రాపిస్టు మఠాల బీరు

(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. నాకు మాత్రం కార్యదర్శి గారు, "ఏదైనా కొత్త సంగతి చెప్పండి సార్" అన్నారు. ముప్ఫై మూడేళ్లు మద్యం లెక్కలు రాసిన గుమాస్తాకు కొత్త సంగతి ఎక్కడ దొరుకుతుంది? మళ్లీ మద్యమే దొరికింది. సోదరీమణులు కోప్పడవద్దు. ఇది తాగమని చెప్పే ప్రసంగం కాదు. బీరు తయారుచేసి అమ్ముకుంటూ, చాలు అనుకున్న చోట ఆపేసే సన్యాసులు కొందరున్నారు. వారి గురించి నాలుగు మాటలు చెబుతాను.

మా అల్లుడు ఉద్యోగరీత్యా బెల్జియంలో ఆంట్వెర్ప్ నగరంలో ఉండగా నేనూ మా ఇంటావిడా వెళ్లి రెండు నెలలు ఉన్నాము. ఆ నగరానికి దగ్గరలోనే వెస్ట్‌మాలె అనే మఠం ఉంది. లోపలికి సందర్శకులను రానివ్వరు. రోడ్డుకు అవతల ఒక హోటలుంది, అక్కడ మఠం బీరు దొరుకుతుంది. అక్కడ చూసినదీ, తర్వాత చదివినదీ కలిపి చెబుతున్నాను.

క్రైస్తవ సన్యాసులకు ఆరవ శతాబ్దంలో బెనెడిక్టు అనే మహనీయుడు ఒక నియమావళి రాశారు. మన సర్వీసు రూల్సు కంటే చాలా చిన్న పుస్తకం. పదిహేను వందల ఏళ్లుగా అమలులో ఉంది. చేతులతో పనిచేసుకుని బతికేవాడే నిజమైన సన్యాసి అని అందులో ఉంది. కాలక్రమంలో మఠాలు సుఖాలకు అలవాటు పడ్డాయి. 1664లో ఫ్రాన్సులోని లా ట్రాప్ మఠాధిపతి రాన్సే నియమాలను మళ్లీ బిగించారు. మాంసం లేదు, అవసరం లేనిదే మాట లేదు, పొలం పని తప్పదు. ఆ మఠం పేరు మీదనే వారికి ట్రాపిస్టులన్న పేరు వచ్చింది. ఫ్రెంచి విప్లవంలో మఠాలు మూతబడితే తలోదిక్కుకూ వెళ్లిపోయారు. అలా వెళ్లినవారిలో కొందరు 1794లో వెస్ట్‌మాలెలో స్థిరపడ్డారు.

ఆ నేలలో ద్రాక్ష పండదు, బార్లీ పండుతుంది. అందుకని ఆ ప్రాంతం వారి భోజనంలో బీరే పానీయం. 1836 డిసెంబరు 10న వెస్ట్‌మాలె సన్యాసులు తాము కాచుకున్న బీరును మొదటిసారి భోజనంలో పోసుకున్నారు. అది పలచనిది, మనం మజ్జిగ తాగినట్టు తాగేది. కొన్నేళ్ల తర్వాత గేటు దగ్గర ఇరుగుపొరుగుకు అమ్మడం మొదలైంది. 1862లో షిమే ఊరి దగ్గరి స్కూర్‌మాంట్ మఠం కూడా అమ్మకం మొదలుపెట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం చాలా మఠాల రాగి పాత్రలను ఎత్తుకుపోయింది. యుద్ధం ముగిశాక మఠాలు మరమ్మత్తులకు డబ్బు కావలసి మళ్లీ బీరునే నమ్ముకున్నాయి.

ఇక్కడ మన ఆబ్కారీ వారికి నచ్చే సంగతి ఒకటుంది. 1919లో బెల్జియంలో వాండర్‌వెల్డ్ అనే మంత్రి పేరు మీద ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం సారాయి జాతి ఘాటు మద్యాలను హోటళ్లలో పోయకూడదు. తాగేవాళ్లు మానలేదు, ఘాటైన బీరు వైపు తిరిగారు. మఠాల చిక్కటి బీర్లకు గిరాకీ పెరగడానికి అదొక కారణం. ఆ చట్టం అరవై ఏళ్లకు పైగా నడిచింది. మన రాష్ట్రంలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డాక 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు. రెండేళ్లలో ముగిసింది. ఖజానా ఓర్చుకోలేకపోయిందని అందరికీ తెలిసినదే.

ఇక రుచుల సంగతి. ముందు పని విధానం చెప్పాలి. మన ఇళ్లలో రాగులు నానబెట్టి, మొలకట్టించి, ఎండబెట్టి మాల్టు చేస్తారు కదా, వాళ్లు బార్లీని అలాగే చేస్తారు. దాన్ని వేడినీటిలో నానబెట్టి తీపి కషాయం తీసి, హాప్ అనే చేదుపూలు వేసి మరిగిస్తారు. చల్లార్చి ఈస్టు కలిపి పులియబెడతారు. వీరి ఈస్టు కొంచెం వెచ్చగా పులుస్తుంది. ఆ వెచ్చదనంలోనే అరటిపండు, లవంగం లాంటి వాసనలు పుడతాయి, ఏ సెంటూ కలపరు. సీసాలో పోసేటప్పుడు కాస్త చక్కెర, ఈస్టు చేర్చి మూత వేస్తారు. సీసాలో మరోసారి పులుస్తుంది. అందుకే అడుగున మడ్డి ఉంటుంది, జాగ్రత్తగా వంచి పోసుకోవాలి.

వెస్ట్‌మాలెలో రెండు రకాలు పేరుపడ్డవి. 'డుబెల్' అనేది ముదురు గోధుమ రంగు, 7 శాతం. మన చిత్తూరు జిల్లాలో చెరకు గానుగ దగ్గర పాకం ముదిరేటప్పుడు వచ్చే వాసన ఉంటుంది చూడండి, గ్లాసు ఎత్తగానే నాకు అదే తగిలింది. కారణం ఉంది. కాచి నల్లబరిచిన చక్కెర పాకం అందులో వేస్తారు. నల్లబెల్లం అనగానే మనకు నాటుసారా కేసులు గుర్తుకొస్తాయి, వాళ్లకు అదే పేరుప్రతిష్ఠలు తెచ్చింది! 'ట్రిపెల్' 1934 నాటిది. బంగారు రంగు, 9.5 శాతం. మొదట పండు తీపి, నారింజ తొక్క వాసన, చివర చేదు. చూడటానికి అమాయకంగా ఉంటుంది, లేచి నిలబడితే తెలుస్తుంది. నేను రెండు గుక్కలతో ఆపాను. మా ఇంటావిడ వాసన చూసి, "దీనికంటే మీ చ్యవనప్రాశ నయం" అంది.

రోష్‌ఫోర్ మఠం సీసాల మీద 6, 8, 10 అని అంకెలుంటాయి. అవి మద్యం శాతం కాదు. పులియకముందు కషాయం చిక్కదనాన్ని కొలిచే పాత బెల్జియం లెక్క. హైడ్రోమీటరు పట్టుకున్నవారికి వెంటనే అర్థమవుతుంది. పదో నంబరు 11.3 శాతం. ఎండుద్రాక్ష, అంజీరు, చాక్లెట్ కలిపి నమిలినట్టుంటుంది. మన దగ్గర మామూలు బీరు 5 శాతం చిల్లర అని మరచిపోకండి.

ఓర్వాల్ మఠం బయటికి అమ్మేది ఒక్క రకమే. పొడిగా, చేదుగా, పాత తోలుజీను వాసనతో ఉంటుంది. తీపి అలవాటున్న మన నాలుకకు ఎక్కదు. దాని సీసా మీద ఉంగరం పట్టుకున్న చేప బొమ్మ ఉంటుంది. మటిల్డా అనే రాణివాసపు స్త్రీ ఊటలో జారవిడిచిన పెళ్లి ఉంగరాన్ని చేప తెచ్చిచ్చిందని అక్కడి కథ. మన శకుంతల ఉంగరం గుర్తుకు రావడంలేదూ?

పేరు వస్తే నకిలీ తప్పదు. ట్రాపిస్టు అన్న మాటను మఠంతో సంబంధం లేని వ్యాపారులు వాడితే కోర్టుకెక్కారు. సన్యాసులు తయారుచేయనిదానికి ఆ పేరు చెల్లదని 1962లో గెంట్ నగరంలోని కోర్టు చెప్పింది. 1997లో మఠాలన్నీ సంఘం పెట్టుకుని ఆరు పలకల ముద్ర తెచ్చుకున్నాయి. షరతులు మూడే. మఠం గోడల లోపలే తయారుకావాలి, సన్యాసులు చేయాలి లేదా దగ్గరుండి చేయించాలి. అది మఠం జీవితానికి అనుబంధమే గాని ప్రధానం కాకూడదు. సన్యాసుల పోషణకు, కట్టడాలకు పోను మిగిలినది దానధర్మాలకు పోవాలి. మఠం పేరు అద్దెకు తీసుకుని కంపెనీలు చేసే 'అబ్బే బీరు' వేరు. లెఫ్ అలాంటిదే, అది పెద్ద కంపెనీ సరుకు. ప్రసాదాన్నీ మద్యాన్నీ ఒకే తక్కెడలో పెట్టడం నా ఉద్దేశం కాదు గాని, పేరుకున్న రక్షణ సంగతి వరకు మన తిరుపతి లడ్డూకు 2009లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ఇలాంటిదే. శ్రీవారి పోటులో చేసిందే తిరుపతి లడ్డూ.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వెస్ట్‌వ్లెటెరెన్ మఠం. 2005లో బీరు ప్రియుల జాబితా ఒకదానిలో వీరి 12వ నంబరుకు ప్రపంచంలో మొదటి స్థానం వచ్చింది. గేటు ముందు మైళ్ల కొద్దీ కార్లు నిలబడ్డాయి. మరొకరైతే నాలుగు కొత్త పాత్రలు దించేవారు. వీరు ఒక్క లీటరు పెంచలేదు. ముందుగా ఫోను చేసి, కారు నంబరు చెప్పి, ఇచ్చిన రోజున వచ్చి, లెక్క ప్రకారం తీసుకుపోవాలన్నారు. తిరిగి అమ్మకూడదని షరతు పెట్టారు. 2019 నుంచి ఇంటర్నెట్‌లో బుకింగు. మఠం కట్టడాల ఖర్చు మీద పడినప్పుడు మాత్రం 2011, 2012లలో బయటి దుకాణాలకు కొన్ని పెట్టెలు ఇచ్చి, అవసరం తీరగానే ఆపేశారు. మద్యం రాబడి దగ్గర "ఈ ఏటికి చాలు" అన్న కాగితం మీద ఏ ప్రభుత్వమైనా సంతకం పెట్టగా నేను చూడలేదు, వినలేదు.

అయితే వారికీ ఒక దిగులు ఉంది. కొత్తగా సన్యసించేవారు లేరు. బెల్జియంలోనే ఆఖెల్ మఠంలో చివరి సన్యాసులు వెళ్లిపోయారు. 2021లో ఆ బీరుకు ముద్ర పోయింది. అవే పాత్రలు, అదే పద్ధతి, అయినా పోయింది. అమెరికాలో స్పెన్సర్ మఠం 2022లో గిట్టుబాటు కాక మానేసింది. ఆస్ట్రియాలో ఎంగెల్‌స్జెల్ 2023లో మూతబడింది. బెల్జియంలో ఇప్పుడు ముద్ర ఉన్నవి ఐదే. మన పల్లెల్లో పెద్ద ఇళ్లకు తాళాలు వేసి ఉండటం చూస్తున్న మనకు ఇది వివరించి చెప్పనక్కరలేదు.

చివరగా మన దేశం సంగతి. షిమే బీరు కాచే ఆ స్కూర్‌మాంట్ మఠం నుంచే ఫ్రాన్సిస్ ఆచార్య అనే సన్యాసి వచ్చి, 1958లో కేరళలో వాగమన్ కొండల మీద కురిసుమల ఆశ్రమం స్థాపించారు. కాషాయం కట్టారు, నేల మీద కూర్చుని భోజనం చేశారు. 1998లో ఆ ఆశ్రమం ట్రాపిస్టుల సంఘంలో చేరింది. నియమం అదే, చేతులతో పనిచేసి బతకాలి. అయితే ఆ కొండల మీద వాళ్లు బార్లీ జోలికి పోలేదు. గడ్డి పెంచి, విదేశీ జాతి ఆవులతో సంకరం చేసి, పాలు అమ్ముకున్నారు. చుట్టుపక్కల రైతులకూ పాడి నేర్పారు. కొండ మీద ఏది పండితే అదే మఠం వృత్తి.

టీ వచ్చేసినట్టుంది. షుగరు ఉన్నవారికి వేరే ఫ్లాస్కు పెట్టారని కార్యదర్శి గారు చెప్పమన్నారు.