చెవిలోని నత్తగుల్ల

వృద్ధులమగు మనలోఁ బలువురకు మాట వినఁబడును గాని బోధపడదు. ముఖ్యకారణము లోచెవియందలి నత్తగుల్లవంటి భాగమున నున్నది. అందు సుమారు 35 మిల్లీమీటర్ల నిడివిగల పొర యొకటి చుట్టుకొని యుండును. మొదట నిఱుకై బిగువుగాను, పోనుపోను వెడల్పై వదులుగాను నుండును. శబ్దతరంగ మందుఁ బ్రవేశించి, తనకుఁ దగిన తావు సమీపించుకొలఁది నడక మందగించి, యుబ్బి, యచ్చటనే యణఁగిపోవును. కీచుధ్వని వాకిటనే చిక్కును. మద్దెల యెడమవైపు మ్రోత కొస సమీపమునకుఁ బోవును. మృతుల చెవులలో నీ తరంగమును జూచి నిరూపించిన హంగరీ దేశీయుఁడు బెకెషీకి 1961లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము లభించెను.

తరంగమును నరముల కందించు రోమకణములలో వాకిటివే వయసు మీఱఁగా ముందు నశించును, మరల మొలవవు. స, శ, ష లకు గుర్తైన సన్నని ధ్వని యా వైపుననే పట్టువడును. అందుచే నచ్చులు నిలిచి, హల్లులు జాఱిపోవును. కేక వేసినను లాభము స్వల్పము. ఎదుట నిలిచి, మెల్లగా, స్పష్టముగాఁ జెప్పవలెను. మా మనుమరాలి కిది నేర్పుటకు నాకు మాసము పట్టినది.