గెలువని అభ్యర్థికి వోటు

(తార్నాకలోని యొక పఠనమందిరమున విద్యార్థులును పురవాసులును కూడిన సాయంకాల సభయందు మేము చేసిన ప్రసంగ పాఠము.)



ఈ సభకు మమ్ము పిలిచిన మిత్రులు ముందుగనే యొక ప్రశ్నను పంపియుండిరి. ప్రశ్న చిన్నది, ప్రత్యుత్తరము చిన్నది కాదు. "మా నియోజకవర్గమున ఒక చిన్న సోషలిస్టు పక్షము తరఫున ఒకరు నిలువనున్నారు. ఆయన సజ్జనుడు; మా వీధులలో తిరిగెడివాడు; మా కష్టముల నెరిగినవాడు. కాని ఆయన గెలువడని మాకు తెలియును, ఆయనకును తెలియును. ఆయనకు వోటు వేసినచో మాకు బొత్తిగా గిట్టనివాడు గెలుచునేమో యని భయము. వేయనిచో మా మనస్సాక్షికి మేమే ద్రోహము చేసినవార మగుదుమని బాధ. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఏమి చేయవలయును?" ఇదియే ఆ ప్రశ్న. దానికి తోక యొకటి కలదు. అమెరికాలో చదువుచున్న ఈ పేట పిల్లవా డొకడు ఇంటికి వ్రాసినాడట: అచ్చటి వోటరు తనకు నచ్చిన పేరు పత్రముపై లేకున్నను స్వహస్తముతో వ్రాసి రావచ్చును గదా, మనకు ఆ సౌకర్యము లేదేమి యని.

ముందుగా తోకనే పట్టుకొందము. అమెరికాలో పెక్కు రాష్ట్రములలో ఆ పద్ధతి కలదనుట నిజమే. 1954లో దక్షిణ కెరొలైనాలోను, 2010లో అలాస్కాలోను సెనేటు స్థానములు ఇట్లు చేవ్రాత వోట్లతోనే గెలువబడినవి. కాని అవి అరుదుగా జరిగినవి. గెలిచినవారు అప్పటికే పేరు ప్రతిష్ఠలు గల పెద్దలు. చిన్నవారి విషయమున నియమము లడ్డుపడును. అనేక రాష్ట్రములలో ఆ అభ్యర్థి ముందుగా నమోదు చేసికొననిచో, వ్రాసిన పేరును లెక్కింపనే లెక్కింపరు. కనుక కలము చేతనున్నంత మాత్రమున స్వాతంత్ర్యము చేతనున్నదనుకొనరాదు.

మన దేశమున కథ వేరు. 1951-52 ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె యుండెను; వోటరు తన కాగితమును తనకు నచ్చిన గుర్తు గల పెట్టెలో వేసి వచ్చెడివాడు. వ్రాయుట కచ్చట తావే లేదు. తరువాత కాగితముపై ముద్ర వేయు పద్ధతి వచ్చెను. అప్పుడును వోటరెవరో తెలిసికొనుటకు వీలగు గుర్తు గాని వ్రాత గాని యున్నచో ఆ కాగితము చెల్లకుండ పోవుచుండెను. ఇది నిరంకుశత్వము కాదు. చేవ్రాతను చూచి భూస్వామి తన కౌలుదారుని, యజమాని తన కూలివానిని గుర్తుపట్టి పగ తీర్చుకొనకుండ కట్టిన గోడ అది. పిమ్మట యంత్రము వచ్చెను. దానిలో కలమునకు చోటు లేదు.

యంత్రముపై "వీరిలో ఎవరును కారు" అను మీట యున్నది గదా యని మీరడుగుదురు. 2013 సెప్టెంబరు 27న సుప్రీము కోర్టు ఇచ్చిన తీర్పు వలన అది వచ్చినది. కాని దాని బలమెంత? ఆ మీటకు అందరికంటె ఎక్కువ వోట్లు వచ్చినను, అభ్యర్థులలో ఎక్కువ వోట్లు పొందినవాడే శాసనసభకు పోవునని ఎన్నికల సంఘము నిర్ణయించినది. ధరావతు లెక్కలోనికిని ఆ వోట్లు రావు. అది మన విరక్తిని చూపును. ఎవరిని కోరుచున్నామో చెప్పదు. మీకొక సజ్జనుడు కావలసియుండగా, ఎవరును వద్దని చెప్పి వచ్చుట మీ మాట కాదు.

అయితే చేతితో పేరు వ్రాయు హక్కు మనకు బొత్తిగా లేదా? కలదు. కాని దాని స్థానము ఎన్నిక చివర కాదు, మొదట. గుర్తింపు పొందిన పక్షపు అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలును. గుర్తింపు లేని పక్షపువానికి, స్వతంత్రునికి ఆ నియోజకవర్గపు వోటర్లు పదిమంది సంతకము చేయవలయును. ఆ పది సంతకములే మన దేశపు చేవ్రాత వోట్లు. శాసనసభకు పదివేల రూపాయల ధరావతు; షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి అందులో సగము. ఈ తార్నాక కూడలి నుండి ఆర్ట్సు కళాశాల వరకు నడచినచో పదిమంది వోటర్లు దొరకరా? దొరకుదురు. దొరకనిచో ఆ పక్షము ఇంకను ఎన్నికకు పక్వము కాలేదనియే అర్థము.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. గెలువనివానికి వేసిన వోటు వృథాయేనా?

వృథాయే యనువారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. వారి ప్రక్కన లెక్కలున్నవి. 1951-52 లోకసభ ఎన్నికలలో సోషలిస్టు పక్షమునకు దేశమంతట నూటికి పదికి పైగా వోట్లు వచ్చినవి. స్థానములు మాత్రము 489లో 12. కమ్యూనిస్టు పక్షమునకు నూటికి మూడుకు కొంచెము పైగా వచ్చినవి, స్థానములు 16. మూడు రెట్లు వోట్లు పొందినవారికి తక్కువ స్థానములు! కారణము స్పష్టము. సోషలిస్టుల వోట్లు దేశమంతట పలుచగా చల్లిన విత్తనములు. కమ్యూనిస్టుల వోట్లు కొన్ని మళ్లలో ఒత్తుగా నాటిన నారు. తరువాత 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలలో కమ్యూనిస్టులకే ఆ దెబ్బ తగిలెను. నూటికి సుమారు 31 వోట్లు పొందియు, 196 స్థానములలో వారికి దక్కినవి 15. ఎదుటి పక్షములవారు ఒక్కటిగా నిలిచిరి, అంతే. ఒక్కొక్క నియోజకవర్గమున ఎక్కువ వోట్లు వచ్చినవాడు ఒక్కడే గెలుచు పద్ధతిలో చీలిన వోట్లు శత్రువునకు నిచ్చెన యగుననుట కట్టుకథ కాదు.

కాని స్థానములు మాత్రమే ఫలమనుకొనుట మఱొక పొరపాటు. అమెరికాలో యూజీన్ డెబ్స్ అను సోషలిస్టు నాయకుడు యుద్ధమునకు వ్యతిరేకముగ ప్రసంగించినందుకు శిక్షపడి, 1920లో అట్లాంటా కారాగారము నుండియే అధ్యక్ష పదవికి నిలిచి తొమ్మిది లక్షలకు పైగా వోట్లు పొందెను. ఆయన తరువాత నార్మన్ థామస్ 1928 నుండి 1948 వరకు ఆరుమారులు నిలిచి ఆరుమారులు నోడెను. ఆ పక్షము చిరకాలముగ కోరుచుండిన వృద్ధాప్యపు పింఛను, నిరుద్యోగ భృతి 1935లో చట్టమైనవి. చట్టము చేసినవారు వేరొక పక్షమువారు. విత్తిన చేయి ఒకటి, కోసిన చేయి మఱొకటి. ధాన్యము మాత్రము ఇల్లు చేరినది.

మన హైదరాబాదు నగరమునకు ఈ కథ పరాయిది కాదు. డాక్టరు రామమనోహర లోహియా తన సోషలిస్టు పక్షమును 1955 సంవత్సరాంతమున ఈ నగరముననే స్థాపించెను. ఆయన అనుచరుడు బద్రీ విశాల్ పిత్తీ 1967లో మహారాజ్‌గంజ్ నుండి శాసనసభకు వెళ్లెను. ఈ ఉస్మానియాలో ఆంగ్లము బోధించిన ఆచార్య కేశవరావు జాదవ్ లోహియా భావములను విడువక, తెలంగాణ ఉద్యమమున నిలిచి, 2018లో మరణించువరకు ప్రజాజీవితమున నుండెను. లోహియా స్వయముగ 1962లో ఫూల్‌పూరున నెహ్రూ పండితునితో తలపడి ఓడెను. ఓడుదునని తెలిసియే తలపడెను. మఱుసటి సంవత్సరమే ఉపయెన్నికలో గెలిచి లోకసభకు వచ్చి, పేదవాని దినసరి ఆదాయమెంతయని ప్రభుత్వమును నిలదీసెను. వెనుకబడిన వర్గములకు, స్త్రీలకు ఉన్నత స్థానములలో నూటికి అరువది యుండవలయునని ఆ పక్షము కోరినపుడు పెద్ద పక్షములవారు నవ్విరి. 1979లో మండలు సంఘము నియమింపబడెను. 1990లో కేంద్రోద్యోగములలో వెనుకబడినవారికి నూటికి 27 ప్రకటింపబడెను. నాడు నవ్వినవారి వారసులలో దానిని నేడు బహిరంగముగ కాదనగలవా డెవడు?

నియమములలో సైతము ఓడిన వోటునకు విలువ కలదు. ఒక రాష్ట్రమున చెల్లిన వోట్లలో నూటికి ఎనిమిది పొందిన పక్షము, ఒక్క స్థానము గెలువకున్నను, రాష్ట్ర పక్షముగ గుర్తింపు పొందును. దానికి స్థిరమైన గుర్తు లభించును. అభ్యర్థికి ఆరవ వంతును మించి వోట్లు వచ్చినచో ధరావతు తిరిగి వచ్చును. మఱుసటి పోరాటమునకు అదియే పెట్టుబడి.

అట్లని చిన్నతనమే సుగుణమనుకొనరాదు. చిన్న పక్షములు పెద్ద చేపల నోట పడుట మనము చూడని వింత కాదు. ఈ విశ్వవిద్యాలయ విద్యార్థుల నెత్తుటితో తడిసిన 1969 ఉద్యమము నుండి పుట్టిన తెలంగాణ ప్రజా సమితి, 1971లో తెలంగాణలోని 14 లోకసభ స్థానములలో పదింటిని గెలిచి, ఆ సంవత్సరముననే కాంగ్రెసులో కలిసిపోయెను. కనుక మీ సోషలిస్టు మిత్రుని చూచి "చిన్నవాడు, పాపము" అని జాలితో వోటు వేయకుడు. వోటు భిక్ష కాదు.

మఱి ఎట్లు నిర్ణయించుకొనవలయును? మేము మూడు ప్రశ్నలు సూచింతుము.

మొదటిది: ఎన్నికలు లేని దినములలో ఆయన ఎక్కడ నుండెను? లాలాగూడ రైలు కార్మికుల వీధిలోనో, వసతిగృహములలో ఉద్యోగ పరీక్షలకు చదువుచున్న నిరుద్యోగుల నడుమనో ఆయన కనబడినాడా? ఐదేండ్ల కొకమారు పోస్టరుపై మాత్రమే కనబడినచో, ఆయన పక్షము పేరులో ఎంత సోషలిజమున్నను మీరు ఋణపడిలేరు.

రెండవది: ఇతరులు చెప్పని మాట ఆయన ఏమి చెప్పుచున్నాడు? పెద్దలు చెప్పినదే చిన్న గొంతుతో చెప్పుచున్నచో ఆయనకు వేసిన వోటు దేనిని విత్తును?

మూడవది, కఠినమైనది: మీ నియోజకవర్గమున పోటీ నిజముగ దగ్గరగ నున్నదా? దీనికి జ్యోతిష్యము వలదు. ప్రతి యెన్నిక తరువాత పోలింగు కేంద్రముల వారీగా వచ్చిన వోట్ల పట్టిక 20వ నమూనాలో ప్రకటింపబడును. మీ వీధి కేంద్రమున క్రిందటిమారు ఎవరికెన్ని వచ్చినవో చూడుడు. గెలుపునకును ఓటమికిని నడుమ వేలకొలది వోట్ల అంతరమున్న చోట, మీ ఒక్క వోటు ఎవరిని గెలిపించును, ఎవరిని ఓడించును? అట్టి చోట భయమునకు తావు లేదు. మనస్సు చెప్పినవానికి నిర్భయముగ వేయుడు. అచ్చట గెలుచు గుఱ్ఱమునకు వేసిన వోటే నిజముగ వృథా. అది గుట్టలో మఱొక రాయి.

పోటీ దగ్గరగ నున్నచో? ఇచ్చట మేము మా అనుభవము నొకదానిని దాచము. ఒకమారు అట్టి పోటీలో మేము మనస్సునకు నచ్చిన చిన్నవానికే వోటు వేసితిమి. మేము వలదనుకొన్నవాడు స్వల్పాధిక్యముతో గెలిచెను. మా వోటు ఒక్కటే ఆ పని చేయలేదు; అయినను మావంటివారు కొందరు కలిసినచో ఆ అంతరము నిండియుండెడిది. తరువాతి ఐదేండ్లు మాకు వ్యక్తిగతముగ ఏ నష్టమును కలుగలేదు. నష్టము మాకంటె బీదవారికి కలిగెను. ఆ సంగతి మాకు నేటికిని ముల్లువలె గ్రుచ్చుకొనుచునే యున్నది.

ఈ ఆవరణలో 1938లో జరిగినది మీకు తెలియును. వందేమాతరము పాడరాదన్న ఆజ్ఞను ధిక్కరించి విద్యార్థులు బహిష్కృతులైరి, అనేకులు నాగపురము పోయి చదువు ముగించుకొనిరి. వారు గెలుపోటముల లెక్క వేయలేదు గదా, మనమేల వేయవలయునని మీలో ఎవరైన అడుగవచ్చును. ఆ రెంటికి భేదము కలదు. వారు పణముగ నొడ్డినది తమ చదువును, తమ భవిష్యత్తును. వోటు వేయునపుడు మనము పణముగ నొడ్డునది మన పొరుగువాని బ్రతుకును గూడ. తన నష్టమునకు సిద్ధపడుట త్యాగము. పరుల నష్టమునకు సిద్ధపడుటకు ఆ పేరు చెల్లదు.

కావున మా అభిప్రాయము ఇది. పోటీ దగ్గరగ నుండి, ఎదుట నున్నది కేవలము మనకు గిట్టని పక్షము కాక, పొరుగువాని ప్రాణమునకో, కూటికో, రేపటి వోటునకో నిజమైన హాని యగునప్పుడు, దానిని ఆపగలవానికి వేయుడు. గుడ్డికన్న మెల్ల నయము. అందులో సిగ్గుపడవలసినది లేదు. కాని ఈ పేరు చెప్పి ప్రతి యెన్నికను ప్రళయముగ చూపుచు, మనలను జీవితాంతము మెల్లకంటికే కట్టివేయజూచు పెద్ద పక్షముల మాట నమ్మకుడు. హాని యెంతయో వారు చెప్పరాదు, మీరే తూచవలయును. తక్కిన అన్ని చోట్లను, మొదటి రెండు ప్రశ్నలకు మీ మిత్రుడు తృప్తికరముగ ప్రత్యుత్తరమిచ్చినచో, వోటు ఆయనదే.

మీరు ఏ దారి త్రొక్కినను ఒక పని మాత్రము మానరాదు. భయముచేత పెద్దవానికి వోటు వేసినవాడు ఆ మఱుసటి దినముననే చిన్నవాని కార్యాలయమునకు పోయి చందా కట్టవలయును, సభ్యుడు కావలయును, వార్డు ఎన్నికకు మనిషిని తయారు చేయవలయును. పలుచగా చల్లిన విత్తనము నారుమడి యగుటకు వేరు మార్గము లేదు. ఆ పని చేయక, ఐదేండ్ల కొకమారు మనస్సాక్షిని తలచుకొని బాధపడుట వలన ప్రయోజనము లేదు.

అమెరికా నుండి వ్రాసిన పిల్లవానికి మీరు ఇట్లు బదులు వ్రాయుడు: మాకు యంత్రముపై కలము లేదు గాని, నామపత్రముపై కలదు. నామపత్రములు దాఖలు చేయు దినములు వచ్చినప్పుడు మీ మిత్రునికి పది సంతకములు కావలసియుండును. ఈ మందిరమున పదిమందికంటె చాల హెచ్చుగ కూర్చుండియున్నారు.