రెండో గొంతు



పట్టభద్రులారా, మీకు నా హృదయపూర్వక అభినందనలు. మీలో కొందరు మీ ఇంట్లో డిగ్రీ చేతికి అందుకుంటున్న మొదటి మనిషి అయివుంటారు. ఆ పట్టా వెనక ఎన్ని చేతుల కష్టం ఉందో మీకు తెలుసు. వెనక వరసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నలకు ముందుగా చేతులెత్తి మొక్కుతున్నాను.

స్నాతకోత్సవాల్లో ‘సొంతంగా ఆలోచించండి’ అని చెప్పడం రివాజు. మంచి మాటే. అయితే అది ఎంత కష్టమో చెప్పకుండా ఆ సలహా ఇవ్వడం అన్యాయమని నా అభిప్రాయం. ఏది తినదగ్గది, ఎవరింట్లో మంచినీళ్లు తాగొచ్చు, ఏ వార్తను చూడగానే నమ్మాలి, ఎవరి కష్టం చూస్తే మనకు కన్నీళ్లు వస్తాయి, వీటిలో ఎక్కువ భాగం మనం కూర్చుని ఆలోచించి తేల్చుకున్నవి కావు. చుట్టూ ఉన్న నలుగురి నుంచి వచ్చాయి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మాట నేర్చేదీ, మర్యాద నేర్చేదీ, భయం నేర్చేదీ నలుగురిలోనే. ఆ నలుగురు మన నమ్మకాలను ఎలా మలుస్తారు, అందులో మన చేతిలో ఉన్నదేమిటి అన్నదే నా ఈనాటి విషయం.

1950ల మొదట్లో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశాడు. కొంతమందిని ఒక గదిలో వరసగా కూర్చోబెట్టి, ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానితో సమానమైనది ఏదో ఒక్కొక్కరినీ పైకి చెప్పమన్నాడు. కళ్లున్నవాళ్లెవరైనా చెప్పగలిగేది. ఎవరికి వాళ్లు విడిగా చెప్పినప్పుడు నూటికి ఒక్క తప్పయినా రాలేదు. కానీ ఆ గదిలో నిజంగా పరీక్షకు వచ్చినవాడు ఒక్కడే. మిగతావాళ్లు యాష్ ముందే మాట్లాడి పెట్టుకున్న మనుషులు. వాళ్లంతా ఏకగ్రీవంగా తప్పు జవాబు చెప్పేవారు. ఆ తరవాత ఇతని వంతు వచ్చేది. అలా ఇరుకున పడి ఇచ్చిన జవాబుల్లో దాదాపు 37 శాతం గుంపు వైపే పోయాయి. మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా లొంగనివాళ్లు సుమారుగా నలుగురిలో ఒకరు.

అక్కడ బెదిరింపు లేదు, లంచం లేదు. తప్పు చెప్పకపోతే పెళ్లి సంబంధం తప్పిపోతుందన్న భయం లేదు. అయినా మనిషి తన కళ్లను తానే అనుమానించాడు, లేదా కళ్లు చెప్పింది నోటితో చెప్పలేకపోయాడు. ఎదురుగా ఉన్నది సొంత తల్లి, మేనమామ, ఊరు, కులపెద్దలు అయితే ఆ ఒత్తిడి ఎంత ఉంటుందో మీరే ఆలోచించండి.

ఒత్తిడి కంటే లోతైనది పెంపకం. జోన్ మిల్లర్ అనే పరిశోధకురాలు 1984లో ప్రచురించిన ఒక అధ్యయనం మన పొరుగునే ఉన్న మైసూరులోనూ, అమెరికాలోని షికాగోలోనూ జరిగింది. తెలిసినవాళ్లు చేసిన మంచి పనులు, చెడ్డ పనులు చెప్పి, వాళ్లు అలా ఎందుకు చేశారో వివరించమన్నారు. షికాగో పెద్దలు ఎక్కువగా ఆ మనిషి స్వభావాన్ని కారణంగా చూపారు. మైసూరు పెద్దలు ఎక్కువగా పరిస్థితులను, బంధుత్వాలను, బాధ్యతలను చూపారు. ఎనిమిదేళ్ల పిల్లల్లో మాత్రం రెండు ఊళ్ల మధ్యా పెద్ద తేడా కనిపించలేదు. వయసు పెరిగేకొద్దీ దారులు విడిపోయాయి. అంటే మనిషిని అర్థం చేసుకునే పద్ధతి కూడా పుట్టుకతో రాదు, ఊరు నేర్పుతుంది. ఊరు నేర్పినదాన్నే మనం లోకజ్ఞానం అనుకుంటాం.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టిన అధ్యయనం ఒకటి ఉంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలతో చేశారు. అగ్రకులాల పిల్లలు సగం, నిమ్నకులాలుగా ముద్రపడ్డవాళ్ల పిల్లలు సగం. వాళ్ల చేతికి కాగితం మీద గీసిన పజిళ్లు ఇచ్చారు. చిక్కుదారిలోంచి బయటికి గీత గీసుకుంటూ రావాలి. ఎన్ని పూర్తిచేస్తే అంత డబ్బు. కులం ప్రస్తావన లేకుండా ఆడించినప్పుడు రెండు వర్గాల పిల్లలూ సమానంగా చేశారు. ఆ తరవాత వేరే పిల్లల జట్లను కూర్చోబెట్టి, ఆట మొదలయ్యే ముందు ఒక్కొక్కరి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివారు. అంతే. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, వెనక కూర్చోమనలేదు. అయినా ఆ జట్లలో నిమ్నకులాల పిల్లలు పూర్తిచేసిన పజిళ్లు సుమారు ఐదో వంతు తగ్గిపోయాయి.

ఆ పిల్లల తెలివి ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. ఈ గదిలో తమకు న్యాయం జరగదన్న లెక్క ఒకటి వాళ్లలో ముందే ఉంది, ఆ చదివిన గొంతు దాన్ని నిద్రలేపింది. పన్నెండేళ్లు నిండేసరికే ఆ లెక్క వాళ్లకు కంఠతా వచ్చేసింది. ఇంకో సంగతి కూడా అందులో బయటపడింది. కులం చదివి, పిల్లలను కులాలవారీగా విడివిడిగా కూర్చోబెట్టినప్పుడు అగ్రకులాల పిల్లల పనితనం కూడా పడిపోయింది. తాము ఎటూ పైనే ఉన్నామన్న భరోసా చేతిలోని పెన్సిలును నెమ్మదింపజేసిందేమో. ఈ రెండో సంగతిని మనం తగినంతగా పట్టించుకోలేదని నా బాధ.

దీన్నిబట్టి కులం లెక్కే రాయకూడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అన్యాయం ఎక్కడ ఎంత జరిగిందో తేలాలంటే లెక్క ఉండాలి, ఆ లెక్క మీద హక్కులు నిలబడాలి. నలుగురి ముందు పేరు పెట్టి పిలిచి ఒక పిల్లవాడికి వాడి చోటు గుర్తుచెయ్యడం వేరే పని. హాస్టల్లో మొదటి రోజు ‘మీ ఇంటిపేరేమిటి’ అని రెండోసారి గుచ్చి అడిగేది అదే పని. ఇంటర్వ్యూలో ‘మీదే ఊరు, నాన్నగారేం చేస్తారు’ అని అడిగినప్పుడూ చాలాసార్లు అదే పని. తెలుగువాళ్లు డల్లాస్‌లో దిగినా, సిడ్నీలో దిగినా ఈ ప్రశ్నలు పెట్టెల్లో మడతపెట్టుకునే వెళ్తున్నారు.

గుంపు కట్టడానికి మనిషికి పెద్ద కారణం కూడా అక్కర్లేదు. హెన్రీ తాజ్‌ఫెల్ ఈ విషయం తేల్చాడు. ఆయన పోలండ్‌లో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో చేరి, జర్మన్లకు పట్టుబడి, తాను పోలండ్ యూదుణ్నని బయటపడనివ్వకుండా బందీగా బతికి వచ్చేసరికి అయినవాళ్లలో దాదాపు అందరూ హతమైపోయారు. అటువంటి మనిషి ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో బడిపిల్లలను ఇద్దరు చిత్రకారుల బొమ్మల మీద ఇష్టాన్నిబట్టి రెండు జట్లుగా విడదీసినట్టు చెప్పి, నిజానికి ఇష్టంతో సంబంధం లేకుండా విడదీశాడు. తమ జట్టులో ఎవరున్నారో కూడా పిల్లలకు తెలియదు. అయినా డబ్బు పంచమంటే తమ జట్టుకు ఎక్కువ ఇచ్చారు. అంతేకాదు, అవతలి జట్టు కంటే పైచెయ్యిగా ఉండడం కోసం తమ జట్టుకు వచ్చే మొత్తం కొంత తగ్గినా సరేననుకున్నారు. ఆ ఫలితాలు 1970లో అచ్చయ్యాయి. ఓటు వేసేటప్పుడు, సినిమా హీరోల పేరు మీద కొట్టుకునేటప్పుడు మనం చేసేది ఇంతకంటే భిన్నమైనదేమీ కాదు.

మరి ఇంత బలమైన దాని ముందు మనిషి చెయ్యగలిగేది ఏమైనా ఉందా? ఉందనడానికి సాక్ష్యం రాజమండ్రిలో ఉంది.

1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం తన ఇంట్లో మొదటి వితంతు వివాహం జరిపించారు. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. ఈ తేదీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ తరవాతి రోజులే నా దృష్టిలో ఎక్కువ ముఖ్యం. ఆ ఇంటిని వెలివేశారు. వెలి అంటే ఏమిటో ఈ తరానికి పూర్తిగా తెలియదు. పొరుగువాళ్లు పలకరించరు. శుభకార్యానికి పిలుపు ఉండదు. పురోహితుడు గడప తొక్కడు. వంటమనిషి మానేస్తాడు, నీళ్లు మోసేవాళ్లు మానేస్తారు. ఏ మనిషీ ఒక్కరోజైనా తనంతట తాను గడపలేనంతగా అల్లుకున్న జీవితంలో అది మరణశిక్షకు ఒక మెట్టు కింది శిక్ష. పెళ్లికి అండగా నిలిచినవాళ్లలో కొందరు ఆ వెలికి తట్టుకోలేక ప్రాయశ్చిత్తాలు చేసుకుని వెనక్కి వెళ్లిపోయారు. వాళ్లను నేను నిందించలేను. వాళ్లకూ పెళ్లి కావలసిన కూతుళ్లు ఉండేవుంటారు.

ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది? వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు తెచ్చారు, వచ్చినవాళ్లందరికీ వండి పెట్టారు. పంతులు గారు వ్యాసాలు రాశారు, ఉపన్యాసాలిచ్చారు, వాదాలు గెలిచారు. అదంతా మహాకార్యమే. కానీ ఆమె ఆ నీళ్లు తేకపోయివుంటే ఆయన ఎన్నాళ్లు నిలబడేవారో నాకు అనుమానం. ఊళ్లోని విద్యార్థులు కూడా ఆయన పక్కన నిలిచారు. మీ వయసువాళ్లు.

పక్కన ఒకరు నిలిస్తే ఏమవుతుందో చూడడానికి యాష్ తన ప్రయోగాన్ని మార్చి మార్చి చేశాడు. గుంపులో ఒక్కడి చేత నిజమైన జవాబు చెప్పించాడు. ఆ ఒక్క గొంతు వినబడగానే, లొంగిపోయి చెప్పిన తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. ఆ రెండోవాడు మేధావి కానక్కర్లేదు. అతను చెప్పింది సరైన జవాబు కాకపోయినా, గుంపుతో విభేదిస్తే చాలు, పక్కవాడికి ఊపిరి ఆడింది. ఏకగ్రీవానికి ఉన్న బలం అంకెలో లేదు, పగులు లేకపోవడంలో ఉంది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగింది ఇదే, ఇంకా పెద్ద స్థాయిలో. మొగుడు కూలిడబ్బులు సారా దుకాణంలో పోసి వచ్చి కొడుతుంటే, ప్రతి ఇల్లాలూ అది తన ఇంటి రాత అనుకుంది. బయటికి చెప్పుకుంటే పరువు పోతుందనుకుంది. అక్షరాస్యతా ఉద్యమం వచ్చి రాత్రిపూట ఆ ఆడవాళ్లను ఒక దీపం చుట్టూ కూర్చోబెట్టింది. చదివే పాఠంలో తమ కథే కనబడింది. పక్కనున్నామె కళ్లల్లోనూ అదే కనబడింది. ఆ మాట ఒకామె పైకి అన్నాక, రెండో ఆమె అవునంది. ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నారు. వర్ధినేని రోశమ్మ వంటివాళ్లు ముందు నిలిచారు. ఉద్యమం ఊరి నుంచి ఊరికి పాకడంతో సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. అక్షరం నేర్చి ఎన్నాళ్లో కాని ఆడవాళ్లు ప్రభుత్వపు ఆదాయాన్నే ఎదిరించారు. ఏ నలుగురి భయం వాళ్ల నోరు నొక్కిందో, ఆ నలుగురే వాళ్ల బలమయ్యారు. అందుకే గుంపును వదిలి పారిపొమ్మని నేను మీకు చెప్పను. కులం, ఊరు, మతం, భాష, పార్టీ, కంపెనీ, ఏదో ఒకటి మీది అవుతూనే ఉంటుంది. అందులో ఉంటూనే ఎప్పుడు నోరు తెరవాలన్నదే ప్రశ్న.

నేను మిమ్మల్ని వీరేశలింగాలు కమ్మని అడగడం లేదు. మొదటి మాట అనే ధైర్యం అందరికీ ఉండదు. రెండో మాట అనమని అడుగుతున్నాను. కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక మతం మీద పుకారు వచ్చినప్పుడు, ఒక చిన్న మేనకోడలు ‘ఇది నిజం కాదు’ అని రాస్తే, ఆ అమ్మాయి కింద మీరు కూడా ఒక్క వాక్యం రాయండి. ఇంటర్వ్యూ బల్లకు ప్రశ్నలడిగే వైపు కూర్చునే రోజు వచ్చినప్పుడు, అనవసరమైన ప్రశ్నను పక్కవారు ఆపితే, ‘అవును, అది అక్కర్లేదు’ అనండి. చెల్లెలు తనకు నచ్చినవాణ్ని చేసుకుంటానంటే, ఆ పెళ్లికి వెళ్లే మొదటి బంధువు మీరు కండి.

యాష్ చేసిన మార్పుల్లో మరో రెండు చెప్పి ముగిస్తాను. కొన్నిసార్లు ఆ తోడుమనిషి మధ్యలో గుంపుతో కలిసిపోయేవాడు. వెంటనే ఒంటరివాడి తప్పులు మళ్లీ దాదాపు మొదటికి వచ్చేవి. కొన్నిసార్లు ఆ తోడుమనిషి డీన్ గారితో పని ఉందని చెప్పి గదిలోంచి వెళ్లిపోయేవాడు. అప్పుడు కూడా తప్పులు పెరిగాయి, కానీ అంతగా పెరగలేదు. అతను వెళ్లిపోయినా అతను ఇచ్చిన ధైర్యం కొంత గదిలో మిగిలింది. మీరు ఈ రోజు ఈ ప్రాంగణం వదిలి వెళ్తున్నారు. ఈ నాలుగేళ్లలో హాస్టల్లోనో, తరగతిలోనో ఒకరి పక్కన నిలబడివుంటే, వాళ్లు ఇంకా ఇక్కడే చదువుకుంటూ ఉంటే, సాయంత్రం బయలుదేరే ముందు వాళ్లను ఒకసారి కలిసి వెళ్లండి. మీ ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లండి.