పురుగు అదే, దారం వేరు



కర్ణాటకలోని మన బాగేపల్లి, చింతామణి ఎందుకు వెనకబడ్డాయని అడిగితే మనవాళ్లు రెండే మాటలు చెప్తారు: ఏడాది పొడుగునా పారే ఏరు లేదు, మన జనానికి చొరవ లేదు. కొన్ని దేశాలు ఎందుకు ముందుకెళ్లాయన్న చరిత్రకారుల తగవూ ఇదే. ఇంగ్లండును ముందుకు తోసింది చేతికందిన బొగ్గు, వలస దేశాలేనని కెన్నెత్ పొమెరాంజ్ 2000లో రాశారు. అంతకు రెండేళ్ల ముందే డేవిడ్ లాండెస్ జనం అలవాట్లకూ విలువలకూ పెద్దపీట వేశారు.

ఈ తగవును మన శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టుకు తీసుకెళ్దాం. మన మైసూరు జాతి పురుగు ఎండకు తట్టుకుంటుంది, ఏడాదికి ఎన్నో పంటలిస్తుంది. గూడు మాత్రం చిన్నది. ఉడుకునీళ్లలో వేసి కొస దొరకబుచ్చుకుని లాగితే, నాలుగు వందల మీటర్లకు అటూఇటూగా దారం అయిపోతుంది. చల్లటి సీమల్లో ఏడాదికి రెండు పంటలిచ్చే బైవోల్టీన్ పురుగు గూటి దారం వెయ్యి మీటర్లు దాటుతుంది. మరమగ్గం పడుగుకు అదే కావాలి. అయితే భౌగోళిక పరిస్థితే గెలిచినట్టా?

మరి చైనా మాటేమిటి? పట్టుకు పుట్టిల్లు అది. యాంగ్జీ లోయలో చలి ఉంది, మల్బరీ ఉంది, ఒళ్లు దాచుకోని జనం ఉన్నారు. అయినా 1909 నాటికి ముడిపట్టు ఎగుమతిలో జపాన్ చైనాను దాటేసింది. ఎలాగంటే, ఫ్రెంచి నిపుణుణ్ణి పిలిపించి 1872లో తొమియోకాలో ప్రభుత్వ మిల్లు పెట్టుకుంది. 1896లో యోకొహామా రేవులో దారాన్ని పరీక్షించే కేంద్రం తెరిచింది. 1906లో శాస్త్రవేత్త తొయామా కమెతారో సంకర గుడ్ల మేలు వివరిస్తే, తర్వాతి ఏళ్లలో వాటిని రైతు ఇంటిదాకా చేర్చింది.

మన ముద్దెనహళ్లి విశ్వేశ్వరయ్యగారు 1898లో ఆ జపాన్‌ను చూసొచ్చారు. మనవాళ్ల పని అలవాట్ల మీద ఆయనకు ఫిర్యాదులు లేకపోలేదు. కానీ మైసూరు దివానుగా ఆయన కట్టిన సంస్థలు చూడండి: 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం.

1990లలో జపాన్ సాయంతోనే మైసూరులో మన ఎండకు సరిపడే బైవోల్టీన్ సంకరాలు తయారయ్యాయి. అయినా మన రైతుల్లో చాలామంది మైసూరు జాతి కలిసిన గుడ్లే తెస్తున్నారు. దాన్ని చొరవ లేకపోవడం అనకండి. వేసవిలో ఒక్క పంట పోతే మల్బరీ తోటకు, బోరుకు తెచ్చిన అప్పు మీద వడ్డీ నెత్తినెక్కుతుంది. పంట బీమా, పిల్ల పురుగులను పెంచి ఇచ్చే మంచి చాకీ కేంద్రాలు, పురుగుల ఇంటికి చల్లదనం, ఈ మూడూ కుదిరితే రైతు లెక్క మారుతుంది. ఆ పని మీద ఇక్కడే ఉండిపోయేవాళ్లు పట్టభద్రులైన మీలో కొందరే ఉంటారు. మిగతావాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. ఎక్కండి, తప్పేమీ లేదు. ఉండిపోయినవాళ్లు ఫోను చేస్తే మాత్రం ఎత్తండి.