పాత పికప్‌లో డీజిల్ లీకేజీ: ఫిల్టర్, హీటర్, గాలి

నర్మెట్ట నుంచి వడ్లు పోవాలన్నా, పత్తి పోవాలన్నా, గొర్లు పోవాలన్నా పికప్ కావాలె. పాత బొలెరోలు, టాటా 207లు ఇప్పటికీ ఈ రోడ్ల మీద బరువులు మోస్తనే ఉన్నయి. పొద్దుగాల జనగామ మార్కెట్‌కు బండి కదలకపోతే ఆ రోజు కిరాయి పోయినట్టే. అందుకే ఈ వీడియో.

సెల్ఫ్ జోరుగా తిరుగుతది, ఇంజన్ మాత్రం అందుకోదు. హ్యాండ్ ప్రైమర్ కొడితే అప్పుడు స్టార్ట్ అయితది. ఇట్లయితే బ్యాటరీ మార్చకండి, బ్యాటరీ బాగానే ఉన్నది. డీజిల్ లైన్ గాలి పడుతున్నది.

ముందు ఒకటి చూసుకోవాలె. మీ బండిలో ఫిల్టర్ ఫీడ్ పంపుకు ముందున్నదా, తర్వాతున్నదా? తర్వాతుంటే పంపు డీజిల్‌ను ఫిల్టర్‌లోకి నెడుతది కాబట్టి, ఇంజన్ నడుస్తుంటే లీకేజీ తడిగా బయటికే కనబడతది. ముందుంటే పంపు పీల్చుకుంటది. స్ట్రాకు చిన్న బొక్క పడితే నీళ్లకు బదులు గాలి ఎట్ల వస్తదో అట్లనే, డీజిల్ చుక్క బయటికి రాకుండనే గాలి లోపలికి పోతది. రాత్రి బండి ఆపినంక లైన్‌లో ఉన్న డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారుతది. తడి కనబడలేదు కాబట్టి లీకేజీ లేదనుకోవడమే ఇక్కడ పెద్ద పొరపాటు.

ఇప్పుడు హీటర్ సంగతి. కొన్ని కామన్ రైల్ బండ్లల్ల ఫిల్టర్ నెత్తిన కరెంటుతో నడిచే చిన్న హీటర్ ఉంటది. చలికి డీజిల్‌ల మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసేస్తది, దాన్ని కరిగించడానికే ఇది. లద్దాఖ్ చలి కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చింది. అమెరికాల 1994 నుంచి 98 దాకా వచ్చిన డాడ్జ్ రామ్ పికప్‌ల, కమిన్స్ ఇంజన్‌కు ఈ హీటర్ పంపుకు ముందే, పీల్చే వైపే ఉంటది. అక్కడి పాత బండ్లకు అది పేరుమోసిన లీకేజీ. మన దగ్గర చలికాలం డీజిల్ 6 డిగ్రీల దాకా ఫిల్టర్‌ల నుంచి పారాలన్నది ప్రమాణం. నర్మెట్టల గట్టి చలి రాత్రి కూడా పది డిగ్రీల దగ్గరే. హీటర్ పనిచేయకపోయినా ఇక్కడ బండి ఆగదు, కానీ హీటర్ కారితే మాత్రం ఆగుతది.

మీ బండికి హీటర్ ఉన్నదో లేదో ఎట్ల తెలుస్తది? ఫిల్టర్ అడుగున వైర్లు ఉంటే చాలావరకు అది నీళ్ల సెన్సర్. నెత్తిన కొంచెం మందం వైర్ల సాకెట్ ఉంటే హీటర్. ఆ సాకెట్ పీకి లోపల చూడండి. పిన్నుల మధ్య డీజిల్ తడి ఉంటే ఓరింగు మార్చినా ఫలితం ఉండదు, హీటరే మార్చాలె. అది దొరకక, బండి ఈ చుట్టుపక్కలే తిరిగేదైతే, ఆ బొక్కకు సరిపోయే బిరడా ఓరింగుతో బిగించి, వైరుకు టేపు చుట్టి కట్టేయవచ్చు. ఎం-సీల్ పూసి వదిలేయకండి. బండి అదురుకు అది పగులుతది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. డీజిల్ అంటుకోదని మనోళ్లు ధైర్యంగా ఉంటరు. మన ప్రమాణం ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. మే నెలల ఇక్కడ నీడలోనే 40 దాటుతది, వేడి ఇంజన్ పక్కన ఇంకెంతనో. బీడీ, సిగరెట్ దూరం పెట్టండి.

పాత ఓరింగు మళ్ల వాడకండి. 1993లో అమెరికాల సల్ఫర్ తగ్గించిన డీజిల్ వచ్చినప్పుడు, పాత బండ్లల్ల నైట్రైల్ రబ్బర్ ఓరింగులు ముడుచుకుపోయి కారినయి. మన దగ్గర 2020 ఏప్రిల్ 1 నుంచి సల్ఫర్ 50 పీపీఎం నుంచి 10కి దిగింది. అంతకు ముందు డీజిల్‌ల ఏండ్లకేండ్లు నానిన రబ్బర్‌ను నమ్మొద్దు. షాపుల వైటాన్ ఓరింగు అని అడగండి. అదే సైజు, అదే మందం ఉండాలె. బాంజో బోల్ట్ విప్పితే రెండు వైపులా కాపర్ వాషర్లు కొత్తవి వేయండి. ఓరింగుకు కొంచెం డీజిల్ రాసి కూర్చోబెట్టండి. ఫిల్టర్ నెత్తి అల్యూమినియంది, బలమంతా పెట్టి బిగిస్తే మరలు పోతయి.

ఇంక ఎయిర్ తీయాలె. బ్లీడర్ స్క్రూ వదులు చేసి, నురగ పోయి డీజిల్ నికరంగా వచ్చేదాకా ప్రైమర్ కొట్టండి. కామన్ రైల్ బండి అయితే ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపుల జోలికి అస్సలు పోకండి. అక్కడి ప్రెషర్ వెయ్యి బార్ దాటుతది, డీజిల్ చర్మంలోకి దూరుతది. లీకేజీ చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టండి, చెయ్యి పెట్టొద్దు.

పీల్చే వైపు పని సరిగ్గ జరిగిందో లేదో తెలుసుకోవాలంటే, పంపుకు ముందు డీజిల్‌ను తట్టుకునే పారదర్శకం పైపు ఒక జానెడు తాత్కాలికంగా పెట్టండి. రాత్రంతా బండి ఆపి, పొద్దుగాల స్టార్ట్ చేసి చూడండి. బుడగలు లేకపోతే పైపు తీసి పాత లైన్ కలపండి. బుడగలు ఇంకా వస్తుంటే, శుభ్రమైన క్యాన్‌ల డీజిల్ పోసి ఫిల్టర్‌కు నేరుగా అందించండి. అప్పుడు బుడగలు ఆగితే ఫిల్టర్ బాగున్నట్టు. ట్యాంకు నుంచి వచ్చే రబ్బర్ పైపు, దాని క్లిప్పులు, ట్యాంకులోని పికప్ గొట్టం, ఈ వరుసలో వెతకండి.