నిప్పుకు ముందే నడుము కట్టుదము



ఫిబ్రవరి మొదలు తొలకరి వరకు మన నల్లమలకు నిప్పు భయము తప్పదు. ఇప్పపూవు ఏరుటకై చెట్టు క్రింద పెట్టిన మంట, ఆర్పక పారవేసిన బీడీ ముక్క చాలును. ఎండుటాకు అంటుకొని కొండయంతయు కాలిపోవును. తమిళనాడులోని కురంగణి కొండలలో 2018 మార్చిలో ఇట్టి కార్చిచ్చుకు ఇరువదిమందికి పైగా బలియైరి.

డెహ్రాడూనులోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహముల సాయమున మంటలను గుర్తించి, ఆ వార్తను సెల్‌ఫోనులకు పంపుచున్నది. కాని ఉపగ్రహము నిప్పును చూపగలదే గాని ఆర్పజాలదు. అది ఒక తావు మీదుగా దినమునకు కొన్ని పర్యాయములే పోవును. ఆ నడుమ లేచిన పొగను ముందుగా చూచువారు గ్రామస్థులే.

అగ్నిమాపక శకటము కొండ నెక్కలేదు. అచ్చట ఆకు ఊడ్చి బాట తీయువారు, పచ్చికొమ్మలతో మంటను కొట్టువారు కావలెను. కావున ఎండలకు ముందే అటవీ, అగ్నిమాపక, రెవెన్యూ, పోలీసు శాఖలవారు, పంచాయతీవారు, వన సంరక్షణ సమితులవారు ఒకచోట కూర్చుండి, కబురు ఎవరు ఎవరికి అందింపవలెనో, ఏ అగ్గిబాటను ఎవరు శుభ్రపరుపవలెనో నిర్ణయించుకొని, కలిసి అభ్యాసము చేయవలెను.

మేము కోరునది ఒక్కటే: పొగ కనబడిన తోడనే అటవీ సిబ్బందికి గాని, 101కి గాని తెలుపుడు. మంటకు శాఖల హద్దులు లేవు, మనకును ఉండరాదు.