వార్డు ఆ చివరిదాకా నడిపించండి



ఈ రోజుతో డాక్టర్లైన మీతో ఈ వేదిక మీద ఒక్క జబ్బు గురించే మాట్లాడతాను: న్యుమోసిస్టిస్ న్యుమోనియా. 1981 జూన్ 5న లాస్ ఏంజెలస్‌లో ఐదుగురు యువకులకు ఇది సోకిందంటూ వచ్చిన చిన్న నివేదికతోనే ఎయిడ్స్ కథ మొదలైందని చదువుకున్నారు. అంతకుముందే అనుమానపడిన సాండ్రా ఫోర్డ్ డాక్టరు కాదు, అట్లాంటాలో అరుదైన మందులు పంపే ఉద్యోగిని. ఈ న్యుమోనియాకు వాడే పెంటమిడిన్ అడిగేవాళ్లు ఎక్కువవుతున్నారు, రోగికి నిరోధకశక్తి ఎందుకు తగ్గిందో మాత్రం చెప్పడం లేదు. ఆవిడ పై అధికారికి రాసి పెట్టింది. మీ ఫార్మసిస్టు ఏదైనా చెప్పబోతే విసుక్కోకండి.

చాలాకాలం ఈ జబ్బు తెచ్చే సూక్ష్మజీవిని ప్రోటోజోవా అనుకున్నారు. 1988లో ఆర్‌ఎన్‌ఏ పోల్చి చూశాక ఫంగస్ అని తేలింది. అయినా ఫ్లూకోనజోల్‌కు లొంగదు, కోట్రైమాక్సజోల్‌కు లొంగుతుంది.

ఇక ఈ ఫంగస్ మీద మన ఒంట్లో పుట్టే యాంటీబాడీల సంగతి. బడికెళ్లే వయసుకే చాలామంది పిల్లల రక్తంలో ఇవి కనిపిస్తాయి. అంటే ఉన్నాయన్నంత మాత్రాన ఇప్పుడు జబ్బుందని కాదు, ఎప్పుడో తగిలిందని. హెచ్‌ఐవీతో సీడీ4 కణాలు 200 కంటే తగ్గినవాళ్లలో బి కణాలకు పని పురమాయించేవాళ్లే కరువు. ఊపిరితిత్తుల నిండా ఫంగస్ ఉన్నా కొందరి రక్తం పెద్దగా స్పందించదు. పైగా ఈ ఫంగస్ పగటివేషగాడు. పైపొర ప్రోటీన్‌కు పదుల కొద్దీ జన్యువులున్నాయి, ఒక్కో కణం ఒకసారికి ఒక్కదాన్నే బయటపెడుతుంది. కాబట్టి యాంటీబాడీల లెక్క పరిశోధకులకు బంగారమే. రాత్రి రెండింటికి డ్యూటీలో ఉన్న మీకు మాత్రం, తక్కువ వచ్చిందని రోగిని ఇంటికి పంపే ధైర్యం ఇవ్వకూడదు.

ఆ రాత్రి ఏం చేస్తారు? వారాల తరబడి పొడిదగ్గు, ఆయాసం. స్టెతస్కోపు పెడితే ఏమీ వినిపించకపోవచ్చు. కూర్చోబెట్టి చూస్తే ఆక్సిజన్ 96. ఆక్సీమీటర్ వేలికి ఉంచే, వార్డు ఆ చివరిదాకా నడిపించండి. 88కి జారిందా, కఫం పరీక్షకు పంపి, ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టండి. మన దగ్గర దగ్గనగానే టీబీ అంటాం. సబబే, కానీ రెండూ కలిసే రావచ్చు. ముందుజాగ్రత్తగా ఇచ్చిన కోట్రైమాక్సజోల్ మాత్రలు ఎప్పుడు మానేశారో, ఎందుకు మానేశారో కూడా అడగండి, కోప్పడకుండా.

నడిపించేటప్పుడు దారి మధ్యలో ఒక కుర్చీ వేయించడం మరవకండి.